సొట్టలు తీసిన చేత్తో సొట్టలు పెట్టిన కథ

నా పేరు కుర్మయ్య. మాది పెద్దమందడి దగ్గర ఒక పల్లె. వనపర్తిలో లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఆరేళ్ళు సొట్టలు తీశాను, రంగులు వేశాను. అది కడుపు నింపిన పని. దాని పక్కనే ఇంకో పని పెట్టుకున్నాను. పాత నమూనా కార్లను విప్పి, బాగుచేసి, మళ్ళీ అసలు రూపానికి తేవడం. పిల్లలు తాడు కట్టి లాక్కుపోయే బొమ్మల సంగతి కాదు నేను చెప్పేది. అసలు కారు కొలతలన్నీ పద్దెనిమిదో వంతుకో, ఇరవై నాలుగో వంతుకో తగ్గించి, తలుపు పిడి నుంచి అద్దం తుడిచే పుల్ల దాకా లెక్క ప్రకారం చేసినవి ఉంటాయి, వాటి సంగతి. షెడ్డు మానేసి తొమ్మిదేళ్ళయింది. కార్ల పని మానలేదు. మానే ఉద్దేశం కూడా లేదు.

ఈ మధ్య ఫోనుల్లో వీడియోలు చూసి ఈ పని నేర్చుకుంటామని గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి పిల్లలు వస్తున్నారు. వచ్చినవాళ్ళందరూ మొదట అడిగేది ఒకటే. "కాక, ఏ కంపెనీ రంగు వాడుతవ్?" రంగు సంగతి ఆఖరున అడగాల్సిన మాట అని చెప్పి చెప్పి నా నోరు నొస్తోంది. అందుకే రాస్తున్నాను. నాకు ఎక్కడెక్కడ శాలువాలు కప్పారో రాయను. ఉన్న రెండు శాలువాల్లో ఒకటి మా ఆవిడ లక్ష్మమ్మ కూలరుకు ముసుగేసింది. రెండోది ఎక్కడుందో ఆమెకే తెలియాలి.

ఎందుకు మొదలుపెట్టాను

షెడ్డుకు ఒక లారీ వచ్చింది. క్యాబిన్ నుజ్జయింది. సీటు కింద ఒక చిన్న జీపు నమూనా దొరికింది, ముందు చక్రాలు లేవు, బానెట్టు ఊడింది. డ్రైవరును అడిగితే "పారెయ్ అన్నా" అన్నాడు. పారేయబుద్ధి కాలేదు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను.

దాన్ని బాగుచెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. లక్ష్మమ్మ నెల రోజులు ఊరుకుని ఒకరోజు అడిగింది.

"లారీ బాగు చేస్తే జీతమొస్తది. దీన్ని చేస్తే ఏమొస్తది?"

"ఏం రాదు."

"మరి గంత పరేషాన్ ఎందుకు? మనుమలు పుట్టినంక ఆడుకునేటివి ఇప్పుడే తెచ్చుకుంటివా?"

దీనికి జవాబు ఇప్పుడు చెప్పగలను. లారీ ఓనరుకు శుక్రవారానికి బండి కావాలి. పని ఎక్కడికి వచ్చినా శుక్రవారం అది ఆగిపోతుంది. నా ముప్పై ఆరేళ్ళలో నాకు పూర్తి తృప్తి ఇచ్చి గేటు దాటిన లారీలు పది కూడా ఉండవు. ఆ చిన్న జీపును మాత్రం నేను చాలనుకునేదాకా చేశాను. చాలనుకున్న రోజు దాన్ని గూట్లో పెట్టి, చొక్కా కూడా వేసుకోకుండా బజారుకు పోయి అరకిలో జిలేబీ తెచ్చాను. అంత సంబరం నాకు పెళ్ళినాడు కూడా లేదని లక్ష్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

కంపౌండర్ గారి తెల్ల కారు

పేరు పాకింది. ఎవరెవరో తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. నాగర్‌కర్నూల్‌లో ఒక కంపౌండర్ గారు తన చిన్ననాటి తెల్ల కారు ఇచ్చారు. రంగు పెచ్చులూడుతోంది, మళ్ళీ వెయ్యాలి. షెడ్డులో పాత రంగు పోవాలంటే థిన్నర్ పొయ్యడం మా అలవాటు. డబ్బాలో థిన్నర్ పోసి కారును ముంచి పనికి పోయాను. వచ్చి చూస్తే కారు లేదు. డబ్బా అడుగున తెల్లటి ముద్ద ఉంది. దాని మీద నాలుగు చక్రాలు ఉన్నాయి.

అది ప్లాస్టిక్ బాడీ. రేకు కాదు. రేకు తప్ప ఇంకొకటి ఎరగని చేతికి ప్లాస్టిక్ కూడా రేకులాగే కనిపించింది.

మొహం చెల్లక వారం తాత్సారం చేశాను. తర్వాత ఆ ముద్దను గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను. తిడతాడనుకున్నాను. ఆయన ముద్దను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"కుర్మయ్యా, దవాఖానల మేము సూది ఇచ్చే ముందు ఏమడుగుతమో తెల్సా? ఏ మందు పడదని అడుగుతం. నీవు గది అడగలే."

ఈ మాటను నేను అందరికీ చెప్పేవాణ్ణి. ప్లాస్టిక్ అయితే థిన్నర్ వద్దు, సబ్బునీళ్ళు, ఓపిక చాలు అనేవాణ్ణి. ఆయన మాటలో నాకు అర్థమైంది అంతే. అది థిన్నర్ గురించి చెప్పిన మాట అనుకున్నాను. ఆ తెలివితక్కువతనం ఎక్కడికి తెచ్చిందో ముందుముందు చెబుతాను.

సామాను

సామాను ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మీ ఇంట్లోనే. సైకిల్ వాల్వ్ ట్యూబును సన్నగా కోస్తే కిటికీ అద్దం చుట్టూ రబ్బరు అవుతుంది. మాత్రల పట్టీ వెనక ఉండే వెండి కాగితం నంబరు ప్లేటు అవుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగితే అద్దాలొస్తాయి. దోమతెర ముక్క మీద నల్లరంగు వేస్తే ముందు జాలీ.

నన్ను ఎక్కువ సతాయించింది తలుపుల పక్కన వెండిలా మెరిసే పట్టీ. రంగుతో గీస్తే చెయ్యి వణికినట్టు కనబడుతుంది. ఎన్ని తిప్పలు పడినా కుదరలేదు. గద్వాలలో చీరలు నేసే ఒకాయన మగ్గం దగ్గర నేను కూర్చుని ఉండగా, తెగిన వెండి జరీ పోగు ఒకటి నా చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వచ్చింది. దాన్ని సన్నటి బంకతో కారు పక్కన అతికించాను. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

హైదరాబాదులో ఇలాంటి కార్ల ప్రదర్శన ఒకటి పెడితే ఆ కారు పట్టుకుపోయాను. మెడలో భూతద్దం వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దాని మీదికి వంగి చాలాసేపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళవన్నీ విదేశాల నుంచి తెప్పించిన సామాన్లు.

"ఈ పట్టీ ఏ దేశం నుంచి తెప్పించినరండీ?"

"గద్వాల నుంచి" అన్నాను.

ఆయన ఆ దేశం ఎక్కడుందో ఆలోచించుకుంటున్నట్టు మొహం పెట్టాడు. ఆ రోజు నా ఛాతీ చొక్కాలో పట్టలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, అది గొప్ప సంగతే.

యాదయ్య మేస్త్రి

నాకు పని నేర్పింది యాదయ్య మేస్త్రి. షెడ్డులో అందరికీ పెద్ద. నోరు మంచిది కాదు. కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. అలాంటి పెద్దలను ఇప్పటి పిల్లలు భరించనక్కరలేదు. మేము భరించాము కాబట్టి పని వచ్చింది అనేవాళ్ళ మాట నమ్మకండి. తిట్లు లేకుండా నేర్పినా వచ్చేది.

కాని ఆయన చేతిలో విద్య ఉంది. సొట్ట తీశాక సరిగ్గా వచ్చిందా లేదా అని కంటితో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని అరచెయ్యి పరిచి రేకు మీద మెల్లగా జరిపేవాడు. మేము నున్నగా ఉందనుకున్న చోట ఆగి, "ఈడ లోపల ఇంక ఏడుస్తుంది, చూడు" అనేవాడు. నిజంగానే ఉండేది. కన్ను మెరుపు చూసి మోసపోతుంది, చెయ్యి మోసపోదు. ఈ ఒక్క విద్యకు ఆయన తిట్లన్నీ మాఫ్.

ఆయన రెండో పాఠం దగ్గరే నేను మునిగాను. "పాతది ఏదీ ఉంచొద్దు. రేకు కనపడేదాక గీకు. పాతదాని మీద పని చేసినోడు మళ్ళ పని చెయ్యవలసొస్తది." లారీకి అది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. ఆ మాట చేతుల్లోకి దిగిపోయింది. సొట్ట కనబడితే నా వేళ్ళు ఊరుకోవు. పెళ్ళిళ్ళలో అన్నం గిన్నెకు సొట్ట ఉంటే కూడా లోపల నుంచి నొక్కి చూసేవాణ్ణి.

రేష్మ తెచ్చిన అంబాసిడర్

రెండేళ్ళ కింద రేష్మ అనే అమ్మాయి వచ్చింది. వనపర్తిలో కాలేజీలో పాఠాలు చెబుతుంది, సొంతూరు గద్వాల. గుడ్డసంచిలోంచి జానెడు పొడవున్న అంబాసిడర్ కారు తీసింది. రేకుతో చేసినది, పద్దెనిమిదో వంతు. నల్ల ఒళ్ళు, పసుపు టాపు, పాతకాలపు టాక్సీ. దాని నిండా సొట్టలు. ఎడమ వెనక తలుపు మూసుకోదు.

"మా దాదీది అంకుల్. ఆమెకు కండ్లు కనపడవు, అయినా రోజు దీన్ని ఒళ్ళె పెట్టుకుంటది. చిన్నప్పుడు ఆమె కొడుకులు, మా అబ్బా వాళ్ళు ఆడి ఆడి గిట్ల చేసినట్టున్నరు. ఆమెకు తెల్వకుండ తెచ్చిన. కొత్తదాని లెక్క చేసియ్యండి, సంబురపడ్తది."

ఇంకేం అడగలేదు నేను. అడగాలన్న ఆలోచనే రాలేదు. అన్ని సొట్టలను ఒక్కసారి చూసేసరికి నా వేళ్ళు దురద పెట్టాయి.

నలభై రోజులు కూర్చున్నాను. లోతు సొట్టలను లోపల నుంచి చిన్న కర్రసుత్తితో కొట్టి పైకి లేపాను. పైపైవాటిని పుట్టీతో నింపి, ఉప్పు కాగితంతో రుద్దాను. తలుపు సరిచేశాను. రంగు నాలుగు పూతలు. మెరుగు పట్టాక అందులో నా ముఖం కనబడింది. అంతవరకు నేను చేసిన కార్లలో దానికి మించింది లేదు. ముసలామె సంబరం కళ్ళారా చూద్దామని రేష్మతో నేనూ గద్వాల బయల్దేరాను. అడక్కుండానే.

కోట వెనక గల్లీలో ఇల్లు. రేష్మ దాదీ పేరు హలీమా బీ. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం గట్టిది. మనవరాలు కారును చేతుల్లో పెట్టింది. ఆమె వేళ్ళు టాపు మీద నడిచాయి, బానెట్టు మీదికి దిగాయి, తలుపుల మీదికి వచ్చాయి. మొహంలో నవ్వు మెల్లమెల్లగా పోయింది.

"రేష్మా, ఇది ఎవరిది?"

"మనదే దాదీ. కుర్మయ్య అంకుల్ మంచిగ చేసిండు."

"మనది కాదు. దీని తలుపు మూసుకుంటుంది. మన తలుపు ఎన్నడన్న మూసుకున్నదా?"

నేను ముందుకు జరిగి గొప్పగా చెప్పాను. "అమ్మా, మీదే. సొట్టలన్నీ తీసిన. ఇప్పుడు చేత్తోటి చూసిన గుడ్క ఒక్కటి దొరకదు."

"తీసినవా?" అన్నది ఆమె. కారును జాగ్రత్తగా మంచం మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత చెప్పింది. ఆమె భర్త జహంగీర్ గద్వాల స్టేషను దగ్గర టాక్సీ నడిపేవాడు. ఆమెకు ముప్పై దాటగానే చూపు తగ్గుతూ వచ్చి, పూర్తిగా పోయింది. అంతకు ముందే రాయచూరు నుంచి వచ్చే ఒక పాసింజరు అచ్చం ఆయన టాక్సీలాంటి ఈ నమూనాను ఆయనకు బహుమానంగా ఇచ్చాడు. అసలు కారుకు ఎప్పుడు దెబ్బ తగిలినా, జహంగీర్ ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని, చిన్న సుత్తితో ఈ కారుకు అదే చోట, అదే తీరున సొట్ట పెట్టేవాడు. పెట్టి ఆమె చేతికిచ్చేవాడు. 'చూడు, ఇయ్యాల గిట్లయింది' అని జరిగిందంతా చెప్పేవాడు.

"చూపు పోయినంక ఆయన కారు నా కండ్లకు కనపడలే బేటా. నా చేతులకు కనపడేది. అసలు కారు తుక్కుల పోయింది. ఆయన పోయి పదిహేనేండ్లయింది. ఇది ఒక్కటే ఉండె."

రేష్మ ఏడ్చింది. "నాకు తెల్వదు దాదీ, అబ్బా వాళ్ళకు గుడ్క తెల్వదు" అంటూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఒక మనిషి పాతికేళ్ళు కూర్చుని భార్యకు రాసిన ఉత్తరాలను నేను నలభై రోజులు ఉప్పు కాగితం పెట్టి రుద్ది చెరిపేశాను. దాని కోసం మెచ్చుకోలు అందుకుందామని బస్సెక్కి మరీ వచ్చాను. నాగర్‌కర్నూల్ కంపౌండర్ గారి మాట అప్పుడు అర్థమైంది. అడగాల్సింది థిన్నర్ గురించి కాదు. 'దీంట్లో ఏది తియ్యకూడదు' అని అడగాలి.

"అమ్మా, మళ్ళ పెడ్త. ఏడేడ ఉండెనో చెప్పున్రి" అన్నాను.

"నీవు పెడితే నీ సొట్టలైతయి. ఆయనయి ఎట్లయితయి?"

అయినా బతిమాలాను. ఆమె చాలాసేపటికి ఒప్పుకుంది. "తీస్కపో. ఇంక చెడగొట్టేతందుకు దాంట్ల ఏమున్నది?" అని, వేళ్ళు ముడుస్తూ లెక్క చెప్పింది. బానెట్టు ఎడమవైపు, వడ్డేపల్లి దగ్గర బర్రె అడ్డమొచ్చినప్పటిది. టాపు ముందు భాగం, వీపనగండ్లలో పల్లికాయ మూట జారి పడింది. కుడి వెనక తలుపు, రిక్షా. డిక్కీ మీద రెండు, ఒకే పెళ్ళివాళ్ళవి. అలా ఒక్కొక్కటీ, దాని ఊరుతో సహా చెప్పింది. రేష్మ కాగితం మీద రాసుకుంది. మొత్తం పదకొండు.

సొట్టలు పెట్టడం

తీసిన చేతికి పెట్టడం రాదు. మొదటి మూడు రోజులు కారును ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఫోటో తీసుకున్నానా అంటే లేదు. సొట్టల బండిని ఫోటో తియ్యడం షెడ్డులో అలవాటే లేదు, బండి తయారయ్యాకే తీస్తాం. కారు నాకు తెచ్చేముందు రేష్మ తన ఫోనులో తీసుకున్న రెండు ఫోటోలున్నాయి. ఒకటి పైనుంచి, ఒకటి కుడిపక్క. ఎడమపక్క ఏమీ లేదు.

సుత్తి పట్టుకుని రేష్మ కాగితం ప్రకారం కొట్టడం తేలిక. ఒక్క పూటలో పదకొండు సొట్టలు పెట్టేవాణ్ణి. అవి నావి అయ్యేవి, ఆమె చెప్పినట్టే.

నాలుగో రోజు రంగంతా మళ్ళీ తీసేద్దామనుకున్నాను. రంగు తీశాను. పుట్టీ గీకాను. గీకుతుంటే చేతికి ఏదో తగిలింది. పుట్టీ కింద సొట్ట అలాగే ఉంది! ఎందుకుండదు? పైపై సొట్టలను నేను కొట్టి తియ్యలేదు, నింపాను. మూసిపెట్టాను అంతే. గీకినకొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు సొట్టలు, జహంగీర్ పెట్టినవి పెట్టినట్టే బయటికొచ్చాయి. వంటింట్లో ఉన్న లక్ష్మమ్మను గట్టిగా పిలిచాను. ఏదో అయిందని గరిటె పట్టుకునే పరిగెత్తి వచ్చింది.

"సొట్ట దొరికింది లక్ష్మీ!"

"సొట్ట దొరికితే గిట్ల మొత్తుకుంటరా? పప్పు మాడుతుంది" అని తిట్టింది కాని, తనూ వేలుతో తడిమి చూసింది.

ఇంకా ఆరు మిగిలాయి. అవి కొట్టి తీసినవి. అక్కడ పుట్టీ లేదు, రేకు నున్నగా ఉంది. కంటికి ఏమీ కనబడలేదు. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. యాదయ్య మేస్త్రి అరచేత్తో చేసే పని, చిన్న రేకు కాబట్టి బొటనవేలితో చేశాను. సొట్టపడిన చోట రేకు సాగుతుంది. తీసినా ఆ సాగుడు పోదు, అక్కడ రేకు కొంచెం పలచగా, మెత్తగా ఉంటుంది. ముప్పై ఆరేళ్ళూ ఆ మెత్తదనాన్ని మేము తిట్టుకున్నాం. ఎంత బాగా తీసినా వేలు పెడితే 'టిక్' మని మళ్ళీ లోపలికి పోతుంది, ఓనరు గొడవకొస్తాడు.

ఇప్పుడు నాకు కావలసింది ఆ టిక్కే. వెదురు పుల్ల కొన గుండ్రంగా చెక్కి, మెత్తని చోట పెట్టి మెల్లగా నొక్కాను. నేను కొట్టలేదు, వంచలేదు. రేకు తన పాత దారిలోకి తనే దిగింది. బానెట్టు ఎడమవైపు, వడ్డేపల్లి బర్రె. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ప్రశ్నకు జవాబు దొరికింది. ఇవి నా సొట్టలు కావు.

వారంలో ఆరూ వచ్చాయి. కుడిపక్కవి ఫోటోతో సరిచూశాను, సరిగ్గా కలిశాయి. పదకొండు. లెక్క కుదిరింది.

కుదిరాక కూడా బొటనవేలు ఊరుకోలేదు. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద, దీపం పక్కన, ఇంకో చోట రేకు మెత్తగా ఉంది. ఆమె లెక్కలో అది లేదు. భూతద్దం పెట్టి చూశాను. మిగతావన్నీ ఒక్కొక్క దెబ్బతో పడినవి, తెలిసిన చెయ్యి కొట్టినవి. ఇక్కడ మాత్రం ఐదారు చిన్న మచ్చలున్నాయి, అటొకటి ఇటొకటి, తడుముకుంటూ కొట్టినట్టు. ఇది జహంగీర్ చెయ్యి కాదు.

రెండు రోజులు నలిగిపోయాను. పిల్లలు ఆడుతూ కొట్టిందైతే? లేక నా సుత్తే జారి పడిందేమో? తెరిస్తే ఆమె చేతికి తెలియని సొట్ట తగులుతుంది. ఒకసారి చెడగొట్టినవాడు మళ్ళీ చెడగొట్టాడని అనుకుంటుంది, అప్పుడు మిగతా పదకొండింటినీ నమ్మదు. మూసి ఉంచితే ఎవరికీ తెలియదు. షెడ్డులో అయితే ఆలోచించకుండా మూసేవాణ్ణి. కాని అడగకుండా తీసినందుకే కదా ఇంత జరిగింది. రేకులో ఉన్నదాన్ని ఉంచాలి, ఎవరు కొట్టారో తేల్చడం నా పని కాదు అనుకున్నాను. వెదురు పుల్ల పెట్టి నొక్కాను. టిక్ మంది.

రంగు ఒక్క పూత, పలచగా వేశాను. వేలికి అడ్డం రాకుండా. తలుపును మళ్ళీ మూసుకోకుండా చేశాను. ఆ పనికే చాలా కష్టపడ్డాను, నమ్మండి.

లెక్క అప్పజెప్పిన రోజు

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక రమ్మన్నారు. రేష్మ కారును ఆమె చేతుల్లో పెట్టి పక్కకు జరిగింది.

ఆమె ముందు తలుపు చూసింది. అది మూసుకోలేదు. "ఊఁ" అన్నది.

తర్వాత వేళ్ళు నడిచాయి. "వడ్డేపల్లి బర్రె. పల్లికాయ మూట. రిక్షావోడు, తాగి ఉండె..." ఒక్కొక్క దాని దగ్గర ఆగి, దాని ఊరు చెబుతూ పోయింది. కొన్నిచోట్ల నవ్వింది. పదకొండోది కూడా చెప్పేసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

వేళ్ళు అక్కడ ఆగలేదు. దీపం పక్కకు, మడ్‌గార్డు మీదికి పోయి, అక్కడ ఆగిపోయాయి.

"ఇది నేను చెప్పలే."

"చెప్పలేదమ్మా."

"మరెట్ల పెట్టినవ్?"

"నేను పెట్టలే. రేకులనే ఉన్నది. మూసిన నోరు మళ్ళ తెరిచిన, గంతే. తప్పైతే చెప్పు."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని రేష్మ దగ్గరికి పోయింది. ఆమె నవ్వుతోంది. ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వుతోంది.

"కావాలనే చెప్పలే బేటా. నా మాట పట్టుకుని నీవు కొత్త సొట్టలు కొట్టుకొస్తవో, ఆయనయే తెస్తవో నాకెట్ల తెల్వాలె? గందుకే ఒకటి దాచుకున్న. ఇది దొరికింది. అంటే ఇది మా కారే."

ఆ మాట విన్నప్పుడు నాకేమైందో దాచకుండా చెబుతాను. ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, ఇద్దరు ఆడవాళ్ళ ముందు, భుజం మీద తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాను. గెలిచిన ఏడుపు అది.

"కాని అమ్మా, అది ఆయన చెయ్యి కాదు. చిన్న చిన్న దెబ్బలున్నయి" అన్నాను, మొహం తుడుచుకుని.

"నా చెయ్యి" అన్నది ఆమె. "అన్నిటికంటె మొదటిది అదే. కండ్లు ఇంక పూర్తిగ పోలే, జర మసక మసక కనపడుతుండె. ఒకనాడు ఆయన నన్ను రాయచూరు రోడ్డు మీదికి తీస్కపోయి, దిగి, నన్ను స్టీరింగు ముందల కూసోబెట్టిండు. 'చూపు ఉన్నప్పుడే ఒక్కసారి నడుపు' అన్నడు."

రేష్మ నోరు తెరిచింది. "దాదీ! నీవు కారు నడిపినవా?"

"ఎందుకు నడపలే? నడిపిన. బురఖా మీదనే నడిపిన. రోడ్డు పక్కన ఫర్లాంగుకు ఒకటి పాతిన రాయి తగిలింది. ఇంట్ల అందరికి ఎద్దులబండి గుద్దిందని చెప్పిండు. రాత్రికి ఈ కారు, సుత్తి నా చేతుల పెట్టి, 'నీవు చేసింది నీవే కొట్టు' అన్నడు. అప్పటిసంది మొదలైంది ఇదంత."

చాయ్ తాగి లేచేటప్పుడు, ఈ పని నేర్చుకునే పిల్లల కోసం ఈ సంగతి రాసుకోవచ్చా అని అడిగాను. ముందు అడగడం నేర్చుకున్నాను కదా. ఆమె కారును ఒళ్ళో సర్దుకుని, మడ్‌గార్డు మీద వేలు పెట్టి ఒక్క షరతు చెప్పింది.

"రాసుకో బేటా. కాని మూడు ఫర్లాంగులు నడిపినదని రాయి. నాలుగో రాయి తగిలింది. ఒక్క ఫర్లాంగు గుడ్క తక్కువ రాయకు."